అమ్మానాన్నలకు ఏ గీజరు?

చలికాలం రాగానే గల్ఫ్‌లో ఉన్న మన కోరుట్ల పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఇది. బకెట్టు స్నానం చేసే ఇద్దరు వృద్ధులకు 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు చాలును. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు తేవడానికి దానికి సుమారు ఏడు నిమిషాలు పడుతుంది. ఖర్చు అర యూనిట్టు కూడా కాదు. షవరు అలవాటైనవారికి మాత్రం ఆ సన్నని ధార నచ్చదు.

అయితే గీజరు కంపెనీ కన్న ముందు గోడలోని వైరింగును చూడండి. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. ఫోను ఛార్జరు పెట్టే 6 ఆంపియర్ల సాకెట్టు ఆ భారాన్ని మోయలేదు; 16 ఆంపియర్లది కావాలి. సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును ఆపివేసే ఆర్‌సీసీబీ తప్పనిసరి. మామూలు ఎంసీబీ వైరును కాపాడుతుందే గాని తడి ఒంటితో ఉన్న మనిషిని కాదు. వేల రూపాయల గీజరు కొని, ఆర్‌సీసీబీ దగ్గర పొదుపు చేసేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం!

మరొక మాట. కుళాయిని మరీ సన్నగా తిప్పితే నీరు మరింత కాగుతుంది. 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఆ వేడి తెలియదు, పుండు పడ్డాకనే తెలుస్తుంది. కనుక నీళ్లను కాలితో చూడనీయకండి. స్పర్శ బాగున్నవారెవరైనా మోచేతితో చూడాలి.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ మీట ఉంటుంది. నెలకొకసారి నొక్కించండి. కరెంటు ఆగకపోతే, ఎలక్ట్రీషియన్ వచ్చి బాగుచేసేదాకా నీళ్లు పొయ్యి మీదనే కాచుకొమ్మనండి.