సీసాలో స్వయంపాకం

డిసెంబరు నెలలో అమెరికా వెళ్ళినవాళ్ళకు ఓ వింత కనిపిస్తుంది. కొట్లలో ఎక్కడ చూసినా గాజు సీసాలు గుట్టలుగా పేర్చి ఉంటాయి. పక్కనే మూతల మీద కట్టడానికి ఎర్రగళ్ళ గుడ్డముక్కలు, రిబ్బన్లు, పేర్లు రాసే చీటీలు. ఊరగాయల కాలం కాదు కదా, ఇన్ని సీసాలు ఏం చేసుకుంటారే అని మా అమ్మాయిని అడిగాను. "గిఫ్టులకమ్మా! క్రిస్మస్‌కి సీసాలో మిక్స్ పోసి ఇస్తారు" అంది.

మిక్స్ అంటే బిస్కెట్లు, కేకులు చేసుకోవడానికి కొలిచిపెట్టిన పొడి సరుకు. అడుగున మైదా, దాని మీద ఓట్స్, ఆపైన పంచదార, చాక్లెట్ ముక్కలు, గింజలు... పొరలు పొరలుగా పోసి, మూత బిగించి, పైన గుడ్డ కడతారు. అచ్చం మన ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టే! "ఇందులో ఒక గుడ్డు, అరకప్పు వెన్న కలిపి కాల్చుకోండి" అని చీటీ వేలాడుతూ ఉంటుంది. అంటే సరుకు వాళ్ళది, చాకిరీ మనది. నాకు చప్పున స్వయంపాకం గుర్తొచ్చింది. బియ్యం, పప్పు, కూరలు, నెయ్యి విస్తట్లో పెట్టి ఇచ్చి వండుకోమనడం మనకు కొత్త కాదుగా.

మా అమ్మాయి వాళ్ళుండేది ఇండియానాపొలిస్ శివార్లలో. అక్కడికి గంట ప్రయాణంలో మన్సీ అని ఓ ఊరుంది. "సీసాల పుట్టిల్లు చూద్దువుగాని రా" అని ఓ శనివారం తీసుకెళ్ళింది. దారంతా కోతలైపోయిన మొక్కజొన్న చేలు, మోడు చెట్లు, బూడిదరంగు ఆకాశం. చలి చెప్పక్కర్లేదు, శాలువా మీద కోటు వేసుకున్నా వణుకే.

నిజానికి సీసా పుట్టింది మన్సీలో కాదు, పెరిగింది అక్కడ. మరతో బిగించే మూత, దానికి తగ్గ సీసా కనిపెట్టి 1858 నవంబరు 30న పేటెంటు తీసుకున్నాయన జాన్ మేసన్. అందుకే వాటిని ఈనాటికీ మేసన్ జార్లు అంటారు. ఆ తేదీని సీసాల మీద అచ్చుపోసి ఎన్నో ఏళ్ళు అమ్మారు. కాకపోతే పేటెంటు గడువు తీరాక ఎవరికి వాళ్ళు చేసుకోవడం మొదలుపెట్టారు. సొమ్ము చేసుకున్నది బాల్ సోదరులు. వాళ్ళు ఐదుగురు. న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలో వ్యాపారం చేసుకునేవాళ్ళు. మన్సీ చుట్టుపక్కల సహజవాయువు పడింది. గాజు కరిగించాలంటే కొలిమి రాత్రింబవళ్ళు మండాలి కదా! గ్యాసు ఉచితంగా ఇస్తాం, స్థలమూ ఇస్తాం రమ్మని ఊరివాళ్ళు పిలిచారు. 1888లో అక్కడ సీసాలు చేయడం మొదలైంది. గ్యాసు కొన్నేళ్ళకే అడుగంటింది గానీ సీసాలు ఆగలేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళో సీసాలు చేయరు. 1962లోనే ఆపేశారట. కంపెనీ కూడా 1993లో సీసాల వ్యాపారం వదిలించుకుంది. ఇప్పుడు సీసాల మీద పేరు మాత్రం బాల్, చేసేవాళ్ళు వేరు. ఊళ్ళో మిగిలినవి ఆ అన్నదమ్ముల పేరున్న యూనివర్సిటీ, వైట్ నది ఒడ్డున వాళ్ళ కుటుంబాలు కట్టుకున్న మేడలు. యూనివర్సిటీలో చేతిలో పెట్టె పట్టుకుని, రెక్కలతో నిలబడ్డ ఒక స్త్రీ విగ్రహం ఉంది. వెనక ఐదు స్తంభాలు, ఐదుగురు అన్నదమ్ములకు గుర్తు. ఇంటింటా ఊరగాయలు, పళ్ళు నిలవపెట్టిన ఆడవాళ్ళకు కూడా ఓ స్తంభం కట్టి ఉంటే బాగుండునని నాకనిపించింది. సీసాలు కొన్నది వాళ్ళే కదా!

మిక్స్ మాటకొస్తే, అది తర్వాతి కథ. 1930ల్లో అమెరికాలో కేకు పిండి, రొట్టె పిండి డబ్బాల్లో కలిపి అమ్మడం మొదలుపెట్టారు. పిట్స్‌బర్గ్‌లో బెల్లంపాకం లాంటి మొలాసిస్ అమ్మే డఫ్ అనే కంపెనీ మొదట గుడ్డుపొడి కూడా కలిపేసి, నీళ్ళు పోస్తే చాలంది. తర్వాత అదే కంపెనీ ఆడవాళ్ళకు తాజా గుడ్డు తామే వేసుకోవడం ఇష్టమని గ్రహించి, గుడ్డు లేని మిక్స్‌కు మరో పేటెంటు తీసుకుంది. ఎంతైనా తన చెయ్యి పడకపోతే అది తన వంట ఎలా అవుతుంది చెప్పండి! సీసా మిక్స్‌లో ఉన్న కిటుకూ అదే.

మన్సీ నుంచి వచ్చిన మర్నాడే పక్కింటి పెద్దావిడ సీసా పట్టుకొచ్చింది. ఎనభై దాటిన మనిషి, భర్త పోయి నాలుగేళ్ళయింది. వీధిలో ఇంటికొకటి చొప్పున ఏటా ఇస్తుందట. "పోయినేడు ఇచ్చింది ఎలా వచ్చింది?" అని అడిగింది. "చాలా బాగా వచ్చాయండీ" అంది మా అమ్మాయి.

ఆవిడ వెళ్ళాక కొత్త సీసా పెడదామని అలమర తీశాను. లోపల రెండు సీసాలున్నాయి, గుడ్డ కట్టు విప్పకుండా. ఒకదాని చీటీ మీద 2021, రెండోదాని మీద 2022. వాటి వెనకాల నేను ఎవరితోనో పంపిన కందిపొడి సీసా, దానికీ సీలు తియ్యలేదు. అమ్మాయి నా వంక చూడలేదు. "టైమెక్కడుందమ్మా?" అంది కాసేపటికి. తప్పు పట్టలేను. ఇద్దరూ ఉద్యోగాలు చేసి చీకటిపడ్డాక ఇల్లు చేరతారు. సరుకైతే కొలిచి పోయగలం గానీ తీరికను ఏ సీసాలో పోసి ఇస్తాం?

పాత సీసాలు విప్పి చూశాం. గింజలు పాతనూనె కంపు. బ్రౌన్ షుగర్ రాయి. అవి పారబోయక తప్పలేదు. కొత్తది మాత్రం "ఆవిడనే పిలిచి ఆవిడతోనే చేయిద్దాం" అన్నాను. ఆదివారం రమ్మంటే తన ఏప్రన్ తనే తెచ్చుకుని పదింటికల్లా వచ్చేసింది!

ఆవిడ చెప్పిన కొలతలు ఇవి. లీటరుకు కాస్త తక్కువ పట్టే సీసా, 240 మిల్లీలీటర్ల కప్పు. కప్పూ మూడోవంతు మైదాలో టీస్పూను బేకింగ్ పౌడరు, టీస్పూను వంటసోడా, పావు టీస్పూను ఉప్పు కలిపి అడుగున నొక్కాలి. పైన కప్పు ఓట్స్, ముప్పావు కప్పు చాక్లెట్ ముక్కలు, అరకప్పు బ్రౌన్ షుగర్, అరకప్పు పంచదార, అరకప్పు అక్రోటు పలుకులు. ప్రతి పొరా గరిటె వెనకతో గట్టిగా అదమకపోతే మూత పట్టదు. సీసాలో తడి చుక్క కూడా ఉండకూడదు. కాల్చేటప్పుడు అరకప్పు కరిగిన వెన్న, ఒక గుడ్డు, టీస్పూను వెనిల్లా కలిపి ఉండలు చేసి, 175 డిగ్రీల వేడిలో 11 నుంచి 13 నిమిషాలు ఉంచాలి. గుడ్డు తిననివాళ్ళు పావుకప్పు గట్టి పెరుగు వేసుకోవచ్చు, కాస్త మెత్తగా వస్తాయి.

మా మనవడు పచ్చిపిండి నాకబోతే ఆవిడ చెయ్యి పట్టుకు ఆపింది. పచ్చి మైదా తిని జబ్బుపడ్డవాళ్ళున్నారు, 2016లో అక్కడ బోలెడు పిండి వెనక్కి తీసుకున్నారు కూడా. మరో మాట, పొడి సరుకు వేరు, కేకును సీసాలోనే కాల్చి మూతబిగించి నిలవపెట్టడం వేరు. అది ప్రమాదం, చేయకండి. మిక్స్ అయినా తేదీ రాసి రెండు మూడు నెలల్లో వాడమని చెప్పండి. బేకింగ్ పౌడరు పాతదైతే చెంచాడు వేడినీళ్ళలో వేసి చూడండి, నురగ రాకపోతే దాని పని అయిపోయినట్టే.

బిస్కెట్లు మధ్యాహ్నానికే ఖాళీ. వీధిలో ఎవరైనా తన సీసా విప్పి చేస్తుండగా చూడడం ఇదే మొదటిసారి అంది ఆవిడ, కాఫీ తాగుతూ. మా అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

సీసా తిరిగి ఇవ్వాలి కదా. ఖాళీది ఎలా ఇస్తాం? మూడు కప్పుల బొంబాయిరవ్వ కమ్మగా వేయించి, నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీడిపప్పు, కరివేపాకు పెళపెళలాడేలా వేయించి కలిపాను. ఉప్పు, కాస్త శొంఠిపొడి. మిరపకాయలు రెండే, ఆవిడ తట్టుకోవాలిగా. బాగా చల్లారాక సీసాకెత్తి, గళ్ళగుడ్డ మళ్ళీ కట్టి, "ఒక కప్పుకు రెండున్నర కప్పుల మరిగే నీళ్ళు" అని అమ్మాయి చేత చీటీ రాయించాను.

మర్నాడు పొద్దున్నే ఫోను. "ఇందులో నల్లగా చిన్న గింజలున్నాయి, అవి ఏరి పారేయాలా?"

"వద్దని చెప్పవే" అంటున్నాను నేను. "నువ్వే చెప్పమ్మా, వాళ్ళింటికే వెళ్దాం పద" అని మా అమ్మాయి కోటు తొడుక్కుంటోంది.