గుంపులో మా నాన్న

సినిమా అన్నాక ముందు టైటిల్సు పడాలి కదా! పడనివ్వండి. దర్శకత్వం: మా అక్క. పుట్టినప్పట్నించీ మా ఇంట్లో ఆ శాఖ ఆవిడదే. ప్రొడక్షన్ మేనేజరు: నా స్నేహితుడు. సోడా డబ్బుల దగ్గర్నించి పెట్రోలు బిల్లు దాకా చిన్న నోటుపుస్తకంలో రాసుకుని, రాత్రి పడుకోబోయే ముందు అందరికీ చదివి వినిపించే మహానుభావుడు. డ్రైవింగు: అక్క స్నేహితురాలు. సూర్యాపేటలో టిఫినుకి ఆగినప్పుడు హోటలతను వచ్చి "సార్, కారు కొంచెం పక్కకి తియ్యండి" అని మేనేజరుతో అంటే, స్టీరింగు పట్టుకోవడం కూడా రాని మావాడు గంభీరంగా తలూపి ఆమె వంక చూశాడు. ఆ నవ్వు మాకు విజయవాడ దాకా సరిపోయింది. ఇక గుంపులో గోవిందయ్య: నేను.

అది 2024 దసరా వెళ్లిన వారం. హైదరాబాదు నుంచి కుమారదేవం ప్రయాణం. ఆ ఊరి పేరు మీలో కొందరు విని ఉండకపోవచ్చు. కానీ చూసి మాత్రం ఉంటారు. గోదావరి ఒడ్డు, గొడుగు పట్టినట్టు పెద్ద చెట్టు, దాని కింద పంచాయితీయో, పాటో, హీరోయిన్ని ఏడిపించే సీనో... ఆ చెట్టుదే ఊరు కుమారదేవం. కొవ్వూరికి దగ్గర్లో ఉంటుంది. ఊళ్లోవాళ్లు దాన్ని 'సినిమా చెట్టు' అంటారు. మూడువందల సినిమాలకి పైగా తన నీడలో తీశారని లెక్క చెబుతారు. లెక్కలో ఒకటీ అరా అటూ ఇటూ అయినా, అంత కాల్షీటున్న ఆర్టిస్టు మన ఇండస్ట్రీలో ఇంకొకరున్నారా చెప్పండి! పైగా పారితోషికం పైసా అడగలేదు.

ఆ చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయింది. వరదకి గట్టు కోసుకుపోయి, వేళ్లు పట్టు తప్పి, దాదాపు నూటయాభై ఏళ్ల మాను ఒరిగిపోయింది. పేపర్లో ఫోటో చూసి నేను అక్కకి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వెళ్దాంరా" అంది. అంతే.

ఎందుకో చెప్పాలి.

మా నాన్న ఆ చెట్టు కింద ఒక సినిమాలో 'నటించాడు'. కొవ్వూరులో చదువుకునే రోజుల్లో, 1970లలో. సినిమా పేరు చెప్పను. చెబితే మీరు కూడా వెతకడం మొదలుపెడతారు, మాకున్న తలనొప్పి చాలు. షూటింగని తెలిసి సైకిలు మీద వెళ్లాడట. ప్రొడక్షన్ వాళ్లు గుంపుని నిలబెట్టి, "హీరోగారు పడవ దిగగానే అందరూ ఎడంపక్కకి చూడండి" అన్నారట. మొదటి టేకులో మేకపిల్ల అడ్డం వచ్చిందట. రెండో టేకు ఓకే. నీలం మీద తెల్లగళ్ల చొక్కా తొడుక్కున్నాడట. తర్వాత విస్తరాకు పొట్లంలో పులిహోర. ఆ పులిహోరలో పల్లీలు మాడిపోయిన సంగతితో సహా ప్రతి సంక్రాంతికీ చెప్పేవాడు.

ఆ సినిమా కేబుల్ టీవీలో వచ్చిన రోజు మా హాలు నిండిపోయింది. పక్కింటివాళ్లు, పైవాటా వాళ్లు, నాన్న ఆఫీసు నుంచి ఇద్దరు. చెట్టు వచ్చింది. పడవ వచ్చింది. హీరోగారు దిగారు. గుంపు కనిపించీ కనిపించకుండా మూడు నాలుగు సెకన్లలో కట్. గళ్లచొక్కా లేదు. అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న మా అక్క అందరికీ వినబడేట్టు "మా నాన్న ఎక్కడా లేడు, అన్నీ కోతలే!" అంది. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, మోటారు వేసొస్తానని లేచి వెళ్లాడు. ఆ తర్వాత ఆ కథ మళ్లీ చెప్పలేదు. 2022లో పోయేదాకా చెప్పలేదు.

సరే, దారి సంగతి. విజయవాడ, హనుమాన్ జంక్షన్, ఏలూరు, తణుకు... ఇదంతా పెద్ద రోడ్డు. ఏ ఊరొచ్చిందో బోర్డు చూస్తేగాని తెలియదు. రావులపాలెం దగ్గర ఎడమకి తిరిగి కాలవగట్టు రోడ్డు పట్టాక అసలు సినిమా మొదలైంది. ఒక పక్క కాలవ, ఒక పక్క పొట్టమీదున్న వరి. లొల్ల లాకుల దగ్గర దిగితే తలుపుల సందుల్లోంచి నీళ్లు దూకే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. ఇక్కడ కూడా బోలెడు షూటింగులు. అక్కడికి దగ్గర్లోనే ఆత్రేయపురం. బోర్లించిన కుండ కింద మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి జావ. గుడ్డని జావలో ముంచి కుండ మీంచి ఒక్క లాగు లాగితే కాగితంలాంటి రేకు లేచి వస్తుంది. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మేనేజరు ఒక డబ్బా కొని, ఆ ఖర్చు పుస్తకంలో రాయడం 'మర్చిపోయాడు'.

బాపుగారు తన మొదటి సినిమా 'సాక్షి'ని 1967లో తీసిన పులిదిండి కూడా ఆ చుట్టుపక్కలే. స్టూడియో సెట్టింగులు వద్దనుకుని, కృష్ణనీ విజయనిర్మలనీ తీసుకెళ్లి ఆ పల్లెటూళ్లోనే తీశారు. అంతకుముందే 1964లో ఆదుర్తివారి 'మూగమనసులు' గోదావరిని తెరకెక్కించి ఊరూరా తిప్పింది. 1973లో 'అందాల రాముడు' అయితే లాంచీ ఎక్కి భద్రాచలం బయల్దేరింది. ఈ గోదావరి మోజంతా అందం వల్లే అనుకునేరు. సగం అందం, సగం సౌకర్యం. మద్రాసులో సాయంత్రం హౌరా వెళ్లే రైలెక్కితే మర్నాడు యూనిట్టంతా రాజమండ్రిలో దిగొచ్చు. ఉండటానికి హోటళ్లున్నాయి, గంటలో ఏ లొకేషనుకైనా వెళ్లొచ్చు. అవుట్‌డోర్లో మాటలు రికార్డు చేసే బాధ కూడా అప్పుడు లేదు, తర్వాత డబ్బింగు థియేటర్లో కలిపేవారు. అంచేత చుట్టూ వెయ్యిమంది మూగి ఈలలేసినా దర్శకుడికి నష్టం లేదు. గుంపు సీనుకి మనుషులు కావాలంటే ఆ మూగినవాళ్లే!

చీకటి పడేవేళకి బొబ్బర్లంక దాటి బ్యారేజీ మీదకి వచ్చాం. కాటన్‌దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం కారు తోలే బ్యారేజీ 1970 తర్వాత కట్టింది. నీళ్లలో ఎరుపు తగ్గింది. వరదలు వెలిసి గోదావరి తేటపడే కాలం. లంకల మీద రెల్లు పూసి, చీకట్లో కూడా తెల్లగా కనిపిస్తోంది. కెమేరా బయటకు తీసిన మేనేజరుతో అక్క "వద్దు, రాదు" అంది. వాడు తీశాడు. రాలేదు.

రాజమండ్రిలో పడుకుని, తెల్లారి రోడ్డు కం రైలు వంతెన ఎక్కాం. 1974 నాటిది. పైన మనం, కింద రైలు. దాదాపు నాలుగు కిలోమీటర్లు. మేం సగంలో ఉండగా కిందనించి ఒక ఎక్స్‌ప్రెస్ వెళ్లింది. వంతెన చిన్నగా వణికింది. మా డ్రైవరమ్మ ఆ రెండు రోజుల్లో మొదటిసారి "అమ్మో" అంది. 1997లో రైళ్లు మానేసిన హేవలాక్ వంతెన దూరంగా తన స్తంభాలతో తను నిలబడి ఉంది.

కొవ్వూరు దాటి ఏటిగట్టు వెంట కుమారదేవం వెళ్లాం. చెట్టు ఎక్కడా అని అడగక్కర్లేకపోయింది. ఇన్నాళ్లూ ఆకులు కప్పేసిన ఆకాశం అంతా అక్కడ ఖాళీగా ఉంది.

మాను పడి ఉంది. దగ్గరికి వెళితే మనం దాని పక్కన పిల్లల్లా ఉన్నాం. చుట్టూ తిరగడానికి చాలా అడుగులే పట్టింది. ఇది నిద్రగన్నేరు. దక్షిణ అమెరికా వైపునించి మన దేశానికి వచ్చిన జాతి. సాయంత్రమైతే, మబ్బు పడితే ఆకులు ముడుచుకుంటుంది, అందుకే ఆ పేరు. మొదలు బతికించడానికి చికిత్స చేశారట. మొదలు దగ్గర బొటనవేలంత లేతచిగుళ్లు కనిపించాయి. అక్క వంగి ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

గట్టు మీద టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి.

"మీరూ సినిమావోళ్లేనాండి?"

"కాదండీ, చెట్టు చూద్దామని వచ్చాం."

"నిలబడున్నప్పుడు రావాల్సిందమ్మా" అన్నాడు అక్క వంక చూసి. మందలించడం కాదు, ఊరికే అన్నాడు. అక్క తల దించుకుంది.

నాన్న సంగతి నేనే చెప్పాను. ఆయనకి ఆశ్చర్యమేమీ కలగలేదు. "ఆ రోజుల్లో షాట్లో నిలబడనోడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడండి? నేనే ఎన్నిట్లో నిలబడ్డానో! హాల్లో చూత్తే ఒక్కదాంట్లోనూ లేనండి. కత్తిరింపుల్లో మేవందరం పోయేవోళ్లం. సెట్టు మాత్రం పోయేది కాదండి."

"గళ్లచొక్కా వేసుకున్నాడండీ" అన్నాను.

"గళ్లచొక్కానా? అయితే వెనక్కి నెట్టేసుంటారు. హీరోగారి చొక్కాకి పోటీ వచ్చే చొక్కా ముందర ఉండకూడదండి. ఒక్కోసారి పక్కోడి చొక్కా ఇప్పించి తొడిగేవోరు కూడానండి."

టీ డబ్బులు ఆయన ఇవ్వనివ్వలేదు. మేనేజరు పుస్తకంలో 'కుమారదేవం, టీ నాలుగు, సున్నా' అని రాసుకున్నాడు.

అక్కణ్నించి తాళ్లపూడి మీదుగా పట్టిసీమ. ఏటి మధ్య కొండ, కొండ మీద వీరభద్రస్వామి గుడి. ఈ పట్టిసీమ ఎత్తిపోతల దగ్గరే ఇరవైనాలుగు పంపులు పెట్టి గోదావరి నీళ్లని కృష్ణ వైపు తోడుతున్నారు. మేనేజరు, డ్రైవరమ్మ పడవ బేరానికి రేవులోకి దిగారు. అక్కా నేనూ మెట్ల మీద కూర్చున్నాం. హైదరాబాదులో బయల్దేరినప్పట్నించి మేమిద్దరమే ఉండటం అదే మొదటిసారి.

అక్క ఫోన్ తీసింది. ఆ సినిమా, సరిగ్గా ఆ సీను దగ్గర ఆపి ఉంది. అంటే ముందే చూసిందన్నమాట. ఎన్నిసార్లు చూసిందో నేనడగలేదు.

"ఇదుగో, ఇక్కడ. మాను పక్కన. వెనకవరస."

చూశాను. తెల్లచొక్కా. మొహం సగం ఎవరి తలపాగా వెనకో ఉంది.

"తెల్లచొక్కా కదే!"

"చొక్కా కాదురా, చెయ్యి చూడు."

మా నాన్న ఎక్కడ నిలబడినా ఎడంచెయ్యి వెనక్కి తిప్పి కుడిమోచెయ్యి పట్టుకునేవాడు. రేషన్ షాపు క్యూలో అంతే, గుళ్లో అంతే. అక్క పెళ్లి ఫోటోలో కూడా ఫోటోగ్రాఫరు "సార్, చేతులు ముందుకి" అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. తెరమీద ఆ తెల్లచొక్కా మనిషి పక్కకి తిరిగి ఉన్నాడు. చెయ్యి వెనక్కి ఉంది. మోచెయ్యి పట్టుకున్నాడా, ఊరికే పెట్టుకున్నాడా అన్నది బొమ్మ మసకగా ఉండి తెలియడం లేదు.

ఇన్నేళ్లూ నమ్మినవాణ్ని నేను. నాకే అనుమానం వచ్చింది చూడండి! "చొక్కా మార్పించి ఉంటే నాన్న చెప్పకుండా ఉంటాడా? మాడిన పల్లీల సంగతి చెప్పిన మనిషి!"

"ఎవరు చెప్పనిచ్చారు?" అంది అక్క. గోదావరి వంక చూస్తూ అంది.

నేనింకేం మాట్లాడలేదు. కాసేపయ్యాక తనే నా ఫోన్ లాక్కుని, అమ్మకి వీడియో కాల్ కలిపి, తన ఫోను దానికి ఎదురుగా పట్టుకుంది. ఫోనులో ఫోను! వెలుతురికి అమ్మకి ఏమీ కనబడలేదు. చీర కొంగు అడ్డం పెట్టమంది, ఇటు తిప్పమంది, అటు తిప్పమంది. చివరికి అక్క తన చున్నీ మా ఇద్దరి తలల మీదుగా కప్పింది. ఆ చీకట్లో చెట్టు వచ్చింది, పడవ వచ్చింది, హీరోగారు దిగారు, గుంపు ఎడంపక్కకి చూసింది.

"చూశావా అమ్మా? వెనకవరసలో తెల్లచొక్కా..."

అటునించి జవాబు లేదు. లైను పోయిందేమో అనుకున్నాం. రేవులోంచి మేనేజరు "పడవ కుదిరింది, రండి రండి" అని కేకలేస్తున్నాడు.

"ఇంకోసారి వెయ్యవే" అంది అమ్మ.