ఇల్లు చూస్తే సరా? కాగితాలూ చూడాలి!

ఫ్లాటు చూడ్డానికి వెళ్ళామంటే మన ఆడవాళ్ళం ముందు దూరేది వంటింట్లోకే. గట్టు ఎత్తు సరిపోతుందా, గాలి వెలుతురు ఉందా, దేవుడి గూడు ఎటుంది - ఇవే చూస్తాం. కాగితాల సంగతి మగవాళ్ళకి వదిలేస్తాం. కానీ ఆ ఇంటికి పోసే డబ్బులో మన నగలుంటాయి, మన చీటీపాటలుంటాయి. మరి కాగితాలు మాత్రం మనమెందుకు చూడకూడదు?

మేము గుంటూరులో ఫ్లాటు కొన్నప్పుడు సగం డబ్బు నా పసుపు కుంకుమల పొలం అమ్మగా వచ్చిందే. మా నాన్నగారు ఇచ్చిన అర ఎకరం. అది పోతే మళ్ళీ రాదు. అందుకే బ్యాంకులో పనిచేసే మా తమ్ముడి చేత ఏమేం అడగాలో ఒక కాగితం మీద రాయించుకుని మరీ వెళ్ళాను.

మొదటి బిల్డరు పావు వంతు డబ్బు ముందే ఇమ్మన్నాడు. రసీదు తెల్లకాగితం మీద రాసిస్తాడట! 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, అమ్మకం ఒప్పందం రాసి రిజిస్టరు చెయ్యకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. చిన్నవాటికి మినహాయింపు ఉంది గానీ, పెద్ద అపార్ట్‌మెంట్లు రెరాలో నమోదు కాకుండా అసలు అమ్మకూడదు. నమోదు నంబరు అడిగితే, "ఇవన్నీ మీకెందుకమ్మా, సారుతో మాట్లాడతాంగా" అన్నాడు. ఇద్దరం లేచి వచ్చేశాం.

రెండోచోట నంబరుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళకి ఈసీ తీయించాం. ఆ స్థలం మీద బ్యాంకు తాకట్టు కనిపించింది. "మామూలేనమ్మా, అందరికీ ఉండేదే" అన్నారు. మాకు అమ్మే ఫ్లాటుకి అభ్యంతరం లేదని బ్యాంకు చేత ఉత్తరం ఇప్పించాకే అడ్వాన్సు ఇస్తామన్నాం. మూడు వారాలు పట్టింది గానీ తెచ్చిచ్చారు.

ఇంకో సంగతి. 1,250 అడుగులన్న ఫ్లాటులో కార్పెట్ ఏరియా 900 కూడా లేదు! మెట్లు, లిఫ్టు, వరండాల్లో వాటా అంతా కలిపి చెబుతారు. కార్పెట్ ఏరియా అంటే లోపలి గోడలతో కలిపి మనం వాడుకునే చోటు. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు. అలాగే స్థలంలో మన వాటా ఎన్ని గజాలో దస్తావేజులో రాయించుకోవాలి. ఎప్పటికో భవనం పాతబడి పడగొడితే మనకి మిగిలేది ఆ గజాలే.

రిజిస్ట్రేషన్ ముందు పేరు మాట వచ్చింది. "నీ పేరూ నా పేరూ వేరా?" అన్నారు మావారు. "వేరు కానప్పుడు రెండూ రాయిస్తే పోయేదేముందండీ?" అన్నాను. ఆయన అత్తయ్యగారి వంక చూశారు. ఆవిడ తమలపాకుకి సున్నం రాస్తూ, "దాని పుట్టింటి పొలంరా అబ్బాయ్, దాని పేరే ముందు రాయించు" అన్నారు. ఆ మాట నేను జన్మలో మర్చిపోలేను. దస్తావేజులో ముందు నా పేరే ఉంది.

కొనబోయేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. లోన్ ఇచ్చే బ్యాంకు లాయరు చూశాడుగా అని ఊరుకోకండి. ఆయన చూసేది బ్యాంకు డబ్బు కోసం. మన డబ్బు కోసం మన లాయరుకి లింకు డాక్యుమెంట్లన్నీ చూపించుకోవాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతికొచ్చాకే పాలు పొంగించుకోండి. ఇల్లు అప్పగించిన ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే, మనం చెప్పిన ముప్ఫై రోజుల్లో బిల్డరు తన ఖర్చుతోనే బాగు చేయించాలని కూడా రెరా చెబుతోంది.

కూరల బండి దగ్గర ఐదు రూపాయలకి బేరమాడే మనం, జన్మకో ఇల్లు కొనుక్కునేటప్పుడు నోరెందుకు కట్టుకోవాలి చెప్పండి?