పసుపుపచ్చ జెండా

చెన్నపట్టణమునకు పడమటి దిక్కున, రామానుజాచార్యులు జన్మించిన శ్రీపెరుంబుదూరునకు చేరువలో, ఇరుంగాట్టుకోట్టై అను గ్రామము కలదు. అచట మోటారు పందెములకై నిర్మించిన బాట యొకటి యున్నది. దాని చుట్టుకొలత సుమారు 3.7 కిలోమీటర్లు. పందెములు లేని దినములలో కొందరు ఆ బాటను అద్దెకు తీసికొని, రుసుము చెల్లించినవారిని తమ తమ మోటారు సైకిళ్లపై అచట తిరుగనిత్తురు. దీనిని ట్రాక్ డే అందురు. ఇది పందెము కాదు. గెలుపును లేదు, ఓటమియు లేదు. ఈ సంగతి ఆనాడు నా చెవికెక్కినదే కాని బుద్ధికెక్కలేదు.

నేను నెల్లూరువాడను. 2019వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున నా బండిపైననే బయలుదేరి పోయితిని. దారిలో షోలవరము తగిలినది. పూర్వము పందెములు అచటి పాత విమానాల మైదానముననే జరిగెడివి. మా తండ్రిగారు యౌవనమున ఒకమారు అవి చూచివచ్చి, ఆ కథను మాకు నూరుమార్లు చెప్పియుందురు. రహదారిపై జనులనడుమ వేగము చూపువారికంటె ఇట్టిచోటికి వచ్చువారు వేయిరెట్లు నయమని నేనిప్పటికిని తలంతును. అచట ఎదురువచ్చు లారీ లేదు, అడ్డువచ్చు ఎద్దు లేదు, బడికి పోవు పిల్లలు లేరు. అందుచేత అపాయమే లేదని తలంచుట నా పొరపాటు.

ఉదయమున మొదట బండ్లను పరీక్షించిరి. గొలుసు, టైర్లు, బ్రేకులు చూచిరి. అద్దములను, దీపమును పట్టీలతో మూయించిరి. బండి పడినచో గాజుపెంకులు బాటపై చెదరకుండుటకే కాక, వెనుకకు చూచు అలవాటును మాన్పుటకును అట్లు చేయుదురట. యంత్రమును చల్లబరచు రంగునీటిని తీసివైచి మంచినీరు పోయించిరి. ఆ రంగునీరు ఒలికినచో బాట నూనె పోసినట్లు జారునట! పిమ్మట మా తోలుదుస్తులను, శిరస్త్రాణములను, వెన్నును కాపాడు పలకలను తడవి చూచిరి.

తరువాత ఒక పెద్దమనిషి మమ్ము కూర్చుండబెట్టి నియమములు చెప్పెను. ముందుపోవువాడు తన దారిని తాను పోవును, దాటువాడే బాధ్యుడు. బాట విడిచి లోనికి రాదలచినవాడు ముందుగా చేయి యెత్తవలెను. టైర్లు కాగువఱకు మొదటి చుట్లు మెల్లగా తిరుగవలెను. ఎఱ్ఱజెండా చూపినచో అందరును నెమ్మదించి లోనికి రావలెను. పసుపుపచ్చ జెండా చూపినచో ముందు అపాయమున్నదని యర్థము. వేగము తగ్గింపవలెను, ఎవ్వరిని దాటరాదు. “చూపు ఎటు పోవునో బండి అటు పోవును. పోవలసిన చోటునే చూడుడు” అని కూడ ఆయన చెప్పెను. నేను తల యూపితిని.

రెండవ విడతలో నా ముందొక బాలుడు నాకంటె చిన్న బండిపై పోవుచుండెను. తిన్నని బాటలో నేను వానిని అందుకొందును. మలుపు రాగానే వాడు హాయిగా వంగి నన్ను వెనుక విడుచును. ఇట్లు మూడు చుట్లు జరిగినవి. చిన్నబండివాడు నన్ను విడిచిపోవుటయా యని నాలో రోషము పుట్టెను. నాల్గవ చుట్టులో ఒక మలుపునకు ముందు పసుపుపచ్చ జెండా ఊగెను. దానిని నేను చూచితిని. చూడలేదనుట అబద్ధము. బాలుడు వేగము తగ్గించెను. ఇదియే అదనని నేను లోపలి వైపుగా వానిని దాటితిని.

మలుపు తిరిగితినో లేదో, ఎదుట బాట అంచున ఒక బండి పడియుండెను. ఇద్దరు మార్షలులు దానిని లేవనెత్తుచుండిరి. ఒకని వీపు నా వైపున నుండెను. నా కన్నులు ఆ వీపునకే అతుకుకొని పోయినవి. బండియు అటే పోసాగెను. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకనులో దాదాపు 28 మీటర్లు సాగును. వేగము రెట్టింపైనచో బ్రేకులు పట్టి ఆగుటకు నాలుగు రెట్ల దూరము కావలెను. ఈ లెక్కలు నేను బడిలో చేసినవే. ఎట్లో బలవంతముగా చూపును మలుపు చివరకు మరల్చితిని. బండి నా చూపు ననుసరించెను. ఆ మనుష్యునకును నాకును నడుమ బారెడు దూరము కూడ లేదు. గాలికి అతని చొక్కా యెగయుట చూచితిని.

మరుసటి చుట్టులో నా సంఖ్యతో నల్లజెండా చూపిరి. లోనికి వచ్చితిని. ఎవ్వరును కేకలు వేయలేదు. నా బండిపై అంటించిన చీటిని ఊడబెఱికి, ఆనాటికి నా సవారి ముగిసినదని చెప్పిరి.

మధ్యాహ్న భోజనవేళ ఆ మార్షలును వెదకుచు పోయితిని. తిరుత్తణి ప్రాంతమువాడు, తెలుగు చక్కగా మాటాడెను. క్షమింపుమని వేడగా కొంతసేపు అన్నము కలుపుకొనుచు ఊరకుండెను.

“తమ్ముడూ, ఆ పిల్లవానిని దాటుటవలన నీకెంత మిగిలినది?” అనెను.

“ఒక సెకను ఉండునేమో, అన్నా.”

“పడిన బండిని ఎత్తునపుడు నేను వెనుకకు తిరిగి చూడను. చూచుచు నిలిచినచో పని జరుగదు. జెండా పట్టినవాడు చూచుకొనునని నా నమ్మకము. జెండాను మీరు చూతురని వాని నమ్మకము.” ఇట్లని, ఆకులోని అప్పడమును విఱిచి సగము నా చేతిలో పెట్టెను.

అపరాహ్ణమున గోడ వెనుక నిలిచి మిగిలినవారి సవారి చూచితిని. ఒకమారు అదే మలుపు దగ్గఱ పసుపుపచ్చ జెండా లేచెను. యంత్రముల మ్రోత ఒక్కసారిగా అణగిపోయెను. బండ్లన్నియు ఒకదాని వెనుక నొకటి, చీమలబారువలె మెల్లగా పోయినవి. ఉదయపు బాలుడును వానిలో నుండెను. నా మిత్రుని పిలుచుటకు బోవు మార్షలు ఈమారు కూడ వెనుకకు తిరిగి చూడక, బాట అంచున పడిన దేనినో వంగి యెత్తుచుండెను.