కుండపెంకుల గుట్ట కింద భోజనం

రోమ్ నగరంలో టెస్టాచ్చో అనే పేటలో ఒక గుట్ట ఉంది. ఎత్తు సుమారు 35 మీటర్లు. పైన గడ్డీ చెట్లూ మొలిచాయి కాబట్టి దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరికి వెళ్లి చూస్తే అడుగు నుంచి కొస దాకా అన్నీ కుండపెంకులే. రోమన్ సామ్రాజ్యం రోజుల్లో దక్షిణ స్పెయిన్ నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఆలివ్ నూనె పెద్ద మట్టి జాడీల్లో ఓడల మీద వచ్చేది. టైబర్ నది రేవులో నూనె వంపుకున్నాక, జిడ్డు పీల్చుకున్న జాడీ మరో పనికి రాదు. పగలగొట్టి, వాసన రాకుండా సున్నం చల్లి, వరసలుగా పేర్చేవారు. అలా పేర్చగా పేర్చగా లేచిన గుట్ట ఇది. తర్వాతి కాలంలో జనం దాని పాదాన్ని తొలిచి వైన్ దాచుకునే కొట్లు కట్టుకున్నారు. పెంకుల సందుల్లోంచి గాలి ఆడుతుంది కాబట్టి వేసవిలో కూడా లోపల చల్లగా ఉంటుంది. ఆ కొట్లలో కొన్ని ఇప్పుడు భోజనశాలలు.

మా అక్క కూతురు ఈ నగరంలోని సపియెంజా విశ్వవిద్యాలయంలో చదువుతోంది. స్కాలర్‌షిప్పుల మీద ఇటలీ వెళ్లే తెలుగు పిల్లలు ఈ మధ్య కనబడుతూనే ఉన్నారు; ఆమెతో గదిలో ఉండే అమ్మాయిది విజయవాడ. ఏప్రిల్‌లో నేను వెళ్లేసరికి ఇద్దరూ కలిసి నాకు చూపించాల్సిన చర్చిల పేర్లు, శిథిలాల పేర్లు రాసిపెట్టారు. నేను తినాల్సిన చోట్ల పేర్లు రాసుకుని వెళ్లాను.

"మావయ్యా, కొలోసియం చూశాక అక్కడే ఎక్కడో ఒకచోట తినేద్దాం" అంది మా పిల్ల.

"చూడ్డం అక్కడ, తినడం టెస్టాచ్చోలో" అన్నాను.

కొలోసియం నుంచి మెట్రోలో రెండో స్టేషన్ పిరమిడే. బయటికి రాగానే ఎదురుగా నిజంగానే ఒక పిరమిడ్ ఉంటుంది. క్రీస్తుకు పూర్వం చనిపోయిన సెస్టియస్ అనే రోమన్ సమాధి. అక్కడి నుంచి టెస్టాచ్చోకు నడిచి పోవచ్చు.

గుట్టకు ఎదురుగానే పాత కబేళా. 1888లో కట్టడం మొదలుపెట్టి మూడేళ్లలో పూర్తిచేశారు. 1975 దాకా రోమ్ నగరానికి మాంసం ఇక్కడి నుంచే వెళ్లేది. ద్వారం మీద ఎద్దును లొంగదీస్తున్న రెక్కల మనిషి శిల్పం ఇంకా ఉంది. లోపల షెడ్లలో ఇప్పుడు వాస్తుశిల్ప విద్యార్థులకు పాఠాలు చెబుతున్నారు, బొమ్మల ప్రదర్శనలు పెడుతున్నారు. అయినా కళేబరాలను వేలాడదీసి తోసుకెళ్లిన ఇనుప పట్టాలను, కొక్కేలను తీసేయలేదు. ఆ పని చేసినవాళ్ల గుర్తును చెరపకుండా ఉంచినందుకు నాకు సంతోషం వేసింది.

పశువును కోసి నాలుగు భాగాలు చేసేవారు. మంచి మాంసమంతా ప్రభువులకు, మతాధికారులకు, డబ్బున్న ఇళ్లకు, సైన్యానికి పోయేది. మిగిలినవి తోక, పేగులు, పొట్ట, కాలేయం, గుండె, నాలుక, కాళ్లు. దీనికి రోమ్ జనం పెట్టుకున్న పేరు క్వింతో క్వార్తో, అంటే అయిదో పాతిక. కబేళాలో తోళ్లు తీసే పనివాళ్లకు కూలిలో కొంత ఈ రూపంలోనే ముట్టేది. దాన్ని పట్టుకుని వాళ్లు చుట్టుపక్కల వైన్ కొట్లకు వెళ్లి వండించుకునేవారు. గుట్ట పాదాన 1887లో వైన్ కొట్టుగా మొదలైన కెక్కీనోకు ఈ వంటల్లో పెద్ద పేరు. కోదా అల్లా వాచ్చినారా అనే తోక కూర పుట్టింది అక్కడేనని రోమ్‌లో చెప్పుకుంటారు. వాచ్చినారీ అంటే ఆ తోళ్లు తీసే పనివాళ్లే.

మేం వెళ్లిన భోజనశాల వెనక గోడకు అద్దం బిగించి ఉంది. అద్దం అవతల గుట్ట లోపలి పెంకులు పొరలు పొరలుగా కనిపిస్తాయి. బల్లల మీద తెల్లటి గుడ్డలు. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన కొడుకు కుటుంబంతో కూర్చున్నాడు. నేను తోక కూర చెప్పాను. టమాటాలో గంటల తరబడి ఉడికిన ముక్కలు, కాడలు కాడలుగా సెలెరీ, నాలుక చివర కొద్దిగా కోకో చేదు. కొన్నిచోట్ల పైన్ గింజలు, ఎండుద్రాక్ష కూడా వేస్తారట. ఎముక సందుల్లో మాంసం ఫోర్కుకు దొరకడం లేదని చూసి, వడ్డించే ఆయన రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి చూపించాడు. పక్క బల్ల ముసలాయన అప్పటికే చేతులతో తింటున్నాడు. నేనూ అలాగే తిన్నాను.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మాది గుంటూరు జిల్లాలో ఊరి చివరి పేట. మా నాయనమ్మ గోంగూరలో బోటి వండేది, ఎముకల పులుసు పెట్టేది, మాంసాన్ని సన్నగా కోసి ఎండబెట్టి తునకలు చేసి దాచేది. ఊళ్లో మంచి ముక్క మా దాకా రాదు, వచ్చినదాన్ని కమ్మగా చేయడం ఆమెకు తెలుసు. బడిలో మధ్యాహ్నం గిన్నె మూత తీయడానికి మేం చోటు వెతుక్కునేవాళ్లం. ఆ కూరనే, అదే కష్టం నుంచి పుట్టిన కూరను, ఈ ఊళ్లో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టి, పనివాళ్ల పేరునే కూర పేరుగా మెనూలో అచ్చువేసి, మనవల్ని వెంటబెట్టుకొచ్చి తింటున్నారు. ముక్క నోట్లో ఉండగా నాకు కళ్లు చెమర్చాయి. మా పిల్ల చూసింది, ఏమీ అడగలేదు. ఆమె తినే కూరా అదే.

ఈ రుచిని రోమ్ అంత తేలిగ్గా వదులుకునేది కాదు. పాలు తాగే దూడ పేగులతో చేసే పయాతా అనే వంటకాన్ని పిచ్చి ఆవు వ్యాధి రోజుల్లో, 2001లో, యూరోపియన్ యూనియన్ నిబంధనలు ఆపేశాయి. వంటవాళ్లు గొర్రెపిల్ల పేగులతో చేస్తూ ఆ వంటకాన్ని బతికించుకున్నారు. 2015లో నిషేధం ఎత్తేశాక పాత పద్ధతి మళ్లీ వచ్చింది. పొట్ట కూరను పుదీనా వాసనతో, పైన చీజ్ తురిమి పెడతారు. అది శనివారం వంట. గురువారం బంగాళదుంప ఉండల న్యోక్కి, శుక్రవారం ఉప్పుచేప. పాతకాలపు భోజనశాలలు కొన్ని ఈ వారాల లెక్కను ఇప్పటికీ తప్పవు.

మా వెంట వచ్చిన విజయవాడ అమ్మాయి శాకాహారి. ఆమె కోసం కాచో ఎ పెపె చెప్పబోయాం. గొర్రెపాల పెకొరీనో చీజ్, మిరియాలు, పాస్తా ఉడికిన నీళ్లు మాత్రమే వేసి చేసే వంటకం. "ఈ చీజ్‌లో ఇంకేమైనా కలుస్తుందా అంకుల్?" అని అడిగింది. పాలు విరగడానికి గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారని ఉన్నమాట చెప్పాను. పార్మిజానో చీజ్‌కు వాడేది దూడ రెనెట్. ఇటలీ వచ్చే శాకాహారులకు ఈ సంగతి ముందే తెలియాలి. తినాలా వద్దా అన్నది వాళ్లిష్టం. ఆ అమ్మాయి వద్దనుకుంది. వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి వేసిన స్పగెట్టీ చెప్పుకుంది, పక్కన చికోరియా. చికోరియా చేదు ఆకుకూర. ఉడకబెట్టి పిండి, మళ్లీ వెల్లుల్లి, ఎండుమిర్చితో వేయిస్తారు. అన్నం ఒక్కటే తక్కువైందని నవ్వుతూ గిన్నె ఖాళీ చేసింది.

ఆమె వద్దన్న కాచో ఎ పెపె నా వంతుకు వచ్చింది. రోమ్‌లో నాలుగు పాస్తాలకు పేరు. చీజ్, మిరియాలకు పంది బుగ్గ మాంసం గ్వాంచాలే తోడైతే గ్రీచా. దానికి టమాటా చేరితే అమత్రిచానా, టమాటా బదులు గుడ్డు చేరితే కార్బొనారా. చూడ్డానికి ఇంతే గానీ చెయ్యి తిరగాలి. వేడి కాస్త ఎక్కువైతే చీజ్ ముద్దలు కడుతుంది. ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు కాచో ఎ పెపె మీద ప్రయోగాలు చేసి 2025లో వ్యాసం అచ్చువేశారు: చీజ్ బరువులో రెండు మూడు శాతం పిండిపదార్థం నీళ్లలో ఉంటే సాస్ విరగదని.

మిరియాల దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగాను. రోమన్ల కాలంలో మిరియాలు మన దేశం నుంచే ఓడల్లో ఎర్రసముద్రం మీదుగా వచ్చేవి. ఏటా 5 కోట్ల సెస్టెర్సుల సొమ్ము ఇండియాకు పోతోందని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే వాపోయాడు. డొమీషియన్ చక్రవర్తి మిరియాల కోసం గోదాములే కట్టించాడు. ఫోరమ్ పక్కన మాక్సెంటియస్ బసిలికా అడుగున వాటి పునాదులు బయటపడ్డాయి. గోతుల రాజు అలారిక్ నగరాన్ని ముట్టడించినప్పుడు, ముట్టడి ఎత్తేయడానికి అడిగినవాటిలో 3,000 పౌండ్ల మిరియాలున్నాయి. ఆ వ్యాపారపు రోమన్ నాణేలే మన కృష్ణా తీరంలోనూ, నల్గొండ వైపూ తవ్వకాల్లో దొరుకుతూ వచ్చాయి. పళ్లెంలో నల్లగా చితికిన ఆ గింజలు పరాయివిగా అనిపించలేదు.

అమత్రిచానా పేరు అమత్రీచే అనే కొండ ఊరిది. 2016 ఆగస్టు 24 తెల్లవారుజామున భూకంపం ఆ ఊరిని నేలమట్టం చేసింది. ఆ వారాంతంలోనే అక్కడ అమత్రిచానా జాతర, అదీ యాభయ్యోది, జరగాల్సింది. తర్వాతి రోజుల్లో ఇటలీ అంతటా భోజనశాలలు అమ్మిన ప్రతి అమత్రిచానా పళ్లేనికి రెండు యూరోలు బాధితులకు పంపాయి: ఒకటి తిన్నవాళ్లది, ఒకటి యజమానిది.

పేరున్న ఒక ఫౌంటెన్ దగ్గర, వీధిలో నిలబడి పిలిచిన చోట, మర్నాడు తిన్న కార్బొనారాలో మీగడ పోశారు. రోమ్ కార్బొనారాలో మీగడ ఉండదు. గుడ్డు, పెకొరీనో కలిసి పాస్తా వేడికే చిక్కబడాలి. దాని గురించి ఇంతకన్నా రాయడం దండగ.

యూదుల పేటకు మేం వెళ్లింది ఆర్టిచోక్ అనే మొగ్గలాంటి కూరగాయ కోసం. రోమ్‌లో యూదులు రెండు వేల ఏళ్లకు పైగా ఉన్నారు. 1555లో పోప్ నాలుగో పాల్ వాళ్లను టైబర్ ఒడ్డున, తరచూ వరద ముంచే పల్లంలోకి నెట్టి చుట్టూ గోడ కట్టించాడు. పాతబట్టల వ్యాపారం లాంటి కొద్ది పనులే మిగిల్చాడు. ఆ బతుకు పూర్తిగా తీరింది 1870లో. ఆ ఇరుకులో పుట్టిన వంట కార్చోఫి అల్లా జుదీయా. ఆర్టిచోక్ ముదురు రేకులు గిల్లి, నూనెలో నిదానంగా ఒకసారి, బాగా కాగాక మరోసారి వేయిస్తారు. రెండోసారి నూనెలో అది చామంతి పువ్వులా విచ్చుకుంటుంది. అంచు రేకులు కరకరలాడతాయి, లోపలి మొదలు వెన్నలా ఉంటుంది. మాంసం, చీజ్ ఏదీ తగలదు కాబట్టి విజయవాడ అమ్మాయి నిశ్చింతగా తింది. 2018లో ఇజ్రాయెల్ మతాధికారులు, పూర్తి ఆర్టిచోక్ రేకుల్లో పురుగులుంటే కనబడవు కాబట్టి అది కోషర్ కాదు, అంటే యూదుల ఆహార నియమాలకు పనికిరాదన్నారు. రోమ్ యూదులు ఒప్పుకోలేదు. తమకు శుభ్రం చేయడం తెలుసన్నారు, వండుతూనే ఉన్నారు.

ఆ భోజనశాలల వీధి చివరి చౌకు పేరు 1943 అక్టోబరు 16. ఆ ఉదయం నాజీలు ఈ ఇళ్లలోంచి, నగరంలోని మిగతా చోట్ల నుంచి పట్టుకుని ఆష్విట్జ్‌కు పంపినవాళ్లు వెయ్యిమందికి పైనే. తిరిగొచ్చినవాళ్లు 16 మంది. గడపల ముందు రాళ్ల మధ్య వాళ్ల పేర్లు చెక్కిన ఇత్తడి పలకలున్నాయి. భోజనానికి వెళ్లేవాళ్లు తల వంచి వాటిని చదవాలి. మేం చదివాం.

చివరి రాత్రి ఎస్క్విలీనో పేటలో ఒక చిన్న చోటికి వెళ్లాం. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని వడ్డించే కుర్రాడు "ఇండియానా?" అని హిందీలో పలకరించాడు. వాళ్లది బంగ్లాదేశ్. వంటింట్లో ఉన్నది అతని బావ. ఇప్పుడు రోమ్ వంటిళ్లలో బంగ్లాదేశీలు, ఈజిప్టువాళ్లు చాలామంది. జనం పల్చబడ్డాక బావ బయటికి వచ్చాడు. కార్బొనారా బాగుందన్నాను. తానెప్పుడూ రుచి చూడలేదన్నాడు. అతను ముస్లిం, అందులో ఉన్నది పంది మాంసం. కొవ్వు రంగు చూసి, వాసన చూసి పొయ్యి తగ్గిస్తాడట. మొదట్లో ఇటలీ యజమాని రుచి చూసి తల ఊపేవాడట, ఇప్పుడు అదీ అడగడం మానేశాడట. ఆ ఊళ్లో నేను తిన్న కార్బొనారాల్లో అతను చేసిందే మేలైనది.

రోమ్ వెళ్లేవాళ్లు ఒక పూట టెస్టాచ్చోకు కేటాయించండి. అక్కడి మార్కెట్‌లో నిలబడి తినే కొట్లున్నాయి, ఆదివారం మాత్రం తెరవరు. రాత్రి భోజనం ఏడున్నరకు ముందు దొరకడం కష్టం. కూర్చున్నందుకు వేసే కొపెర్తో రుసుమును ఈ ప్రాంతంలో 2006 చట్టం ఆపేసింది. రొట్టెకు మాత్రం డబ్బు తీసుకుంటారు, వద్దంటే వెనక్కి పట్టుకెళ్తారు. ఆర్టిచోక్ కావాలంటే ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య వెళ్లండి.

గుంటూరులో, విజయవాడలో, హైదరాబాదులో హోటళ్లు నడిపేవాళ్లకు ఒక విన్నపం. తునకల కూర పేరు ఏ హోటల్ బోర్డు మీదా నేను చూడలేదు. దాన్ని ఎలా ఎండబెట్టాలో, ఏ పులుపులో ఉడికించాలో తెలిసిన పెద్దవాళ్లు మా పేటల్లో ఇంకా ఉన్నారు. వాళ్లను పిలవండి, కూలి సరిగ్గా ఇవ్వండి, ఆ పేరుతోనే మెనూలో పెట్టండి. పిల్లల్ని వెంటబెట్టుకుని తినడానికి మేం వస్తాం.