పూత వేయని రేకు

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో జనగామ దగ్గర పెంబర్తి. గుడి తలుపులకూ ధ్వజస్తంభాలకూ ఇత్తడి తొడుగులు చేసే ఊరు. ఆస్పత్రి మంచం కమ్మీలకూ తలుపు పిడులకూ అలాంటి తొడుగు వేయించవచ్చా అని అడగడానికే వెళ్లాను.

ఈ ఆలోచన పాతదే. 1983లో అమెరికాలో ఫిలిస్ కూన్ ఒక ఆస్పత్రి తలుపు పిడులను పరీక్షించి, స్టీలు వాటికంటే ఇత్తడి వాటిపై బ్యాక్టీరియా చాలా తక్కువని రాశారు. ఇత్తడిలోని రాగి నుంచి వెలువడే అయాన్లు సూక్ష్మజీవి పైపొరను చీల్చి లోపలి డీఎన్ఏను ముక్కలు చేస్తాయి. మందులకు లొంగని ఎంఆర్ఎస్ఏ అనే బ్యాక్టీరియా, ప్రయోగశాలలో దాదాపు శుద్ధ రాగిపై గంటన్నరలో చచ్చింది. 80 శాతం రాగి ఉన్న ఇత్తడిపై నాలుగున్నర గంటలు పట్టింది. స్టెయిన్‌లెస్ స్టీలుపై 72 గంటల తర్వాతా బతికే ఉంది. అయినా మన వార్డుల్లో ఎటు చూసినా స్టీలే.

ఇదంతా చేసేది లోహం ఉపరితలమే. కమ్మీ మొత్తం రాగితో పోయనక్కర్లేదు, పైన రేకు చాలు. అందుకే పెంబర్తి గుర్తొచ్చింది.

కార్ఖానాలో రేకును ఎర్రగా కాల్చి మెత్తబరుస్తున్నారు. దాన్ని లక్క మీద అతికించి, చిన్న ఉలులతో నగిషీ చెక్కుతారు. అంతా అయ్యాక మెరుపు పోకుండా లాకర్ పూత కొడతారు. నాకు అడ్డమొచ్చింది ఆ లాకరే. సూక్ష్మజీవికి లోహం నేరుగా తగలాలి. మధ్యలో పూత ఉంటే రాగి ఉన్నా లేనట్టే.

"పూత లేకుంటే జల్ది నల్లబడ్తది సారూ. కొన్నోళ్లు వాపస్ తెస్తరు" అన్నాడు పెద్ద కార్మికుడు.

నల్లబడినా రాగి పని ఆగదని చెప్పాను. నగిషీ కూడా వద్దన్నాను, గీతల్లో మురికి చేరుతుంది కాబట్టి. ఆయన మొహం కాస్త చిన్నబోయింది. "నగిషీ లేకుంటే మాతోని పనేముంది?" న్యాయమైన ప్రశ్న. జవాబు పక్కన కూర్చున్న ఆయన తమ్ముడు చెప్పాడు: "వంపు కాడ ముడత పడకుండ రేకు కూసోబెట్టాలె గదనే. అది అందరికొస్తదా?"

ఇత్తడి రేకులో రాగి ఎంతో వాళ్లకు తెలియదు, బజారులో తూకానికి కొంటారు. 60 శాతానికి తగ్గకూడదన్నాను. రాగి రేకయితే మేలు గానీ ధర ఎక్కువ, మెత్తన, త్వరగా సొట్టపడుతుంది.

2013లో వెలువడిన అధ్యయనంలో, మూడు అమెరికా ఆస్పత్రుల ఐసీయూల్లో మంచం కమ్మీలు, సెలైన్ స్టాండ్ల వంటి వాటికి రాగి వాడిన గదుల్లో ఇన్ఫెక్షన్లు 58 శాతం తగ్గాయి. అన్నిచోట్లా అంతే తగ్గుతాయని నేననను. చేతులు కడగడం, వార్డు తుడవడం మానడానికి వీల్లేదు. కానీ ఒకసారి తుడిచాక మళ్లీ తుడిచేదాకా గడిచే గంటల్లో కమ్మీ మీద పని చేసేది ఈ లోహమే. రోగిని చూడ్డానికొచ్చిన ప్రతి చెయ్యీ పట్టుకునేది ఆ కమ్మీనే.

ముందు ఒక మంచానికి చేసి చూద్దామనుకున్నాం. కమ్మీ కొలతలు రాసుకుంటూ పెద్ద కార్మికుడు అడిగాడు: "నల్లబడితే డాక్టర్లు ఊకుంటరా?" ఆ సంగతి ఆస్పత్రికి ముందే చెప్పి ఒప్పిస్తానన్నాను. "గట్లయితే కాయితం మీద రాసియ్యుండ్రి" అన్నాడు. రాసిచ్చాను.