క్యాసెట్టుకు పదచ్ఛేదం

పాత క్యాసెట్లలో ఒక ప్రత్యేకమైన తెగ ఉంది. మామూలు టేపు రికార్డరులో పెట్టి వింటే గొంతు పాతాళంలోనుంచి వచ్చినట్టు మందకొడిగా మూలుగుతుంది. తిరగవేసి పెడితే ఏ భాషో పోల్చుకోరాని వికృతధ్వని వినబడుతుంది. "టేపు పాడైపోయింది" అని తీర్మానించి పారవేయడం సులభం. మా ఇంట్లోనూ అటువంటివి మూడు ఉన్నాయి. వాటిమీద మా అన్నయ్య చేతివ్రాతతో "పద్యాలు – 1995" అని లేకపోతే వాటి గతీ అంతే అయ్యేది.

నిజానికి ఆ టేపులకు ఏ జబ్బూ లేదు. క్యాసెట్టు టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. స్టీరియో క్యాసెట్టులో అంత సన్నని టేపుమీద నాలుగు దారులుంటాయి. ఒక వైపుకు రెండు, తిరగవేసినప్పుడు రెండవ వైపుకు రెండు. నాలుగు ట్రాకుల యంత్రం ఈ నాలుగింటినీ ఒకే దిశలో వాడుకుంటుంది. పైగా అటువంటి యంత్రాలలో చాలావాటికి వేగం కూడా రెట్టింపు. సెకనుకు 4.76 సెంటీమీటర్లకు బదులు సుమారు 9.5 సెంటీమీటర్లు నడుస్తుంది. కనుకనే మామూలు రికార్డరులో ఆ గానం సగం వేగంతో, ఒక స్థాయి కిందికి దిగి పలుకుతుంది. తిరగవేస్తే మిగిలిన రెండు దారులూ చివరినుంచి మొదటికి నడుస్తాయి. చదవడం రాని లిపిలో ఉన్న తాళపత్రాన్ని చెత్త అనుకోవడం ఎటువంటిదో, దీన్ని పాడైనదనుకోవడమూ అటువంటిదే.

టియాక్ సంస్థ 1979లో "పోర్టాస్టూడియో 144" పేరుతో ఇటువంటి యంత్రాన్ని తెచ్చింది. ఇంట్లో కూర్చుని పాట కట్టుకునేవారికి అదే స్టూడియో అయింది. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో వెలువరించిన "నెబ్రాస్కా" ఇంట్లో ఇటువంటి యంత్రంమీద రికార్డు చేసినదే. ఆ జాతి యంత్రాన్నే మా మేనల్లుడు మద్రాసులో ఒక స్టూడియోవారు అమ్మివేస్తుంటే కొని, కోనసీమలోని మా ఇంటికి తెచ్చాడు. ఒక దారిలో అన్నయ్య గొంతు, ఒకదానిలో హార్మోనియం, ఒకదానిలో తబలా, ఒకదానిలో శ్రుతిపెట్టె. పాడినవి అన్నయ్య సొంత పద్యాలు. వాటిని వ్రాసుకున్న నోటుపుస్తకం 1996 నవంబరు తుఫానులో ఇంటి కప్పుతోపాటు పోయింది. 2003లో అన్నయ్యా పోయాడు. మిగిలినది, నాలుగు దారులనూ కలిపి అప్పట్లో బంధువులకు పంచిన ఒక మామూలు క్యాసెట్టు.

ఈ కలపడాన్ని మిక్సింగ్ అంటారు. పండితుల భాషలో చెప్పాలంటే అది సంధి. అయితే వ్యాకరణ సంధిని విడదీయడానికి సూత్రాలున్నాయి; ఈ సంధికి లేవు. గొంతునూ వాద్యాలనూ విడగొట్టే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు వచ్చిన మాట నిజమే. అవి ఊహించి విడగొడతాయి. విడిపదాలే చేతిలో ఉండగా ఊహతో పనేమి?

నాకు అక్కర పడినది సరిగ్గా అక్కడే. ఆ కలిపిన ప్రతిని విని పద్యాలను కాగితంమీద పెడుతుంటే, మా నాన్నగారి మీద చెప్పిన ఉత్పలమాలలో మూడవ పాదం వద్ద హార్మోనియం ఉధృతమై మూడు అక్షరాలను మింగివేసింది. అవి పది, పదకొండు, పన్నెండవ అక్షరాలు. పదవది యతిస్థానం. పాదం "గా"తో మొదలవుతుంది. అక్కడ భగణం, అంటే ఒక గురువు, రెండు లఘువులు కావాలి. "గానము అయి ఉంటుంది" అన్నారు విన్నవారందరూ. యతి కుదిరింది, గణం కుదిరింది, అర్థమూ కుదిరినట్టే ఉంది. అయినా నేను అక్కడ మూడు చుక్కలు పెట్టి ఊరుకున్నాను. కుదిరినంత మాత్రాన అది కవి పాఠం కాదు.

మేనల్లుడు ఇటీవల సెలవుమీద వచ్చినప్పుడు పాత యంత్రాన్ని అటకమీదినుంచి దించాము. లోపలి రబ్బరు బెల్టు జిగురై కరిగిపోయి ఉంది, కొత్తది వేయించాము. టేపు తాకే హెడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచాము. యంత్రం వెనుక నాలుగు దారులకూ విడివిడిగా బయటి రంధ్రాలున్నాయి. వాటినుంచి నాలుగు తీగలను నాలుగు ప్రవేశాలున్న ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి, దానినుంచి యు.ఎస్.బి. తీగను కంప్యూటరులోకి కలిపాడు. నాలుగూ ఒకేసారి ఎక్కడం ముఖ్యం. రెండు ప్రవేశాల పెట్టెతో రెండు విడతలుగా ఎక్కిస్తే, టేపు ఏ రెండుసార్లూ సరిగ్గా ఒకే వేగంతో నడవదు గనుక, తబలా ఒక దారి, గొంతు ఒక దారి పడతాయి.

వేగం సరిచూడటానికి హార్మోనియమే ప్రమాణమైంది. ఆ పెట్టె ఇంకా మా వదినగారి దగ్గర ఉంది. దానిమీద షడ్జం పట్టి, టేపులోని షడ్జం దానితో కలిసేదాకా యంత్రంమీది వేగపు మరను సవరించాడు. టేపు బుసను తగ్గించే డిబిఎక్స్ మీటను వేసి ఉంచాడు. ఆ పద్ధతిలో రికార్డు చేసేటప్పుడు నొక్కిన ధ్వనిని వినిపించేటప్పుడు అదే పద్ధతిలో విప్పాలి. ధ్వని శిఖరాలు సున్నాకు కనీసం ఆరు డెసిబెల్‌లు దిగువన ఉండేటట్టు చూశాడు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ చొప్పున నాలుగు దారులూ కలిసి పావుగంటకు సుమారు 518 మెగాబైట్లయ్యాయి. రెట్టింపు వేగం గనుక అరవై నిమిషాల క్యాసెట్టులో పట్టేదీ ఆ పావుగంటే.

"మావయ్యా, మిగిలిన బుసను కూడా తీసేసి దాచేద్దామా?" అన్నాడు.

"వద్దురా. మూలప్రతిని మూలప్రతిగానే ఉంచు. దిద్దుబాట్లన్నీ నకలుమీద చేద్దాం" అన్నాను.

కడపలో బ్రౌను పండితులను కూర్చోబెట్టి ప్రతులను పోల్చి పాఠం నిర్ణయింపజేసిన మార్గం ఇదే కదా! పరిష్కర్త ఎంత ఘనుడైనా, అతడు దిద్దకముందు ఏముండేదో తరువాతివారికి తెలియాలి.

ఆ తరువాత మూడు దారులను ఆపి అన్నయ్య గొంతును ఒంటరిగా వినిపించాడు. పాదానికీ పాదానికీ నడుమ ఊపిరి తీయడం, ఎక్కడో వీధిలో కాకి అరవడం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మూడవ పాదంలో నేను చుక్కలు పెట్టినచోట ఉన్నమాట "కావిడి".

యతి చెల్లింది, గణమూ చెల్లింది. అయితే "గానము" ఎవరైనా వేయగల మాట. మా చిన్నతనంలో తెల్లవారకముందే నాన్నగారు కాలువనుంచి మంచినీళ్ళు మోసుకువచ్చిన కావిడి, దాన్ని చూసిన కొడుకు మాత్రమే వేయగల మాట. ఛందస్సు ఆ రెండింటికీ భేదం చెప్పలేదు, టేపు చెప్పింది. చుక్కల స్థానంలో ఆ మూడక్షరాలు వ్రాసి, కాగితం వదినగారికి ఇచ్చాను.

మిత్రులకు ఒక మనవి. మీ ఇళ్ళలో మూలిగే క్యాసెట్లుంటే పారవేయకండి. నాలుగు దారుల యంత్రం దొరకకపోయినా, మామూలు డెక్కులో రెండు వైపులా ఎక్కించి, ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరులో వేగం రెట్టించి, రెండవ వైపును తిరగవేస్తే లోపల ఏముందో తెలుస్తుంది. డిబిఎక్స్ విప్పకపోతే ధ్వని కరుకుగా ఉంటుంది. దారులను జతకూర్చడానికి ఓపిక కావాలి. మాట మాత్రం దక్కుతుంది. టేపు ఇంకా నిలిచినా, దాన్ని నడిపే యంత్రాలూ వాటిని బాగుచేసేవారూ తగ్గిపోతున్నారు. ఆలస్యం చేయదగిన పని కాదు.